శుక్రవారాల స్వేచ్ఛ

మొన్న ఒక మధ్యాహ్నం సుభద్ర టీచర్ మా ఇంటికి వచ్చింది. 'వచ్చారు' అని రాసి, కొట్టేసి, మళ్లీ ఇలా రాశాను. ఒకప్పుడు ఆవిడ పేరు చివర 'గారు' లేకుండా మనసులో తలుచుకోవడం కూడా నాకు తప్పుగా తోచేది. ఇప్పుడు గారు పెట్టబోతే కలం మొరాయిస్తోంది. తీసేస్తే నాలో ఇంకా మిగిలిన పద్దెనిమిదేళ్ల హైమావతి నొచ్చుకుంటోంది. ఆ పిల్లనూ కాదనలేక, నా కోపాన్నీ కాదనలేక, ఇక్కడ 'ఆవిడ' అని మాత్రం అంటాను. పేపర్లో నా వ్యాసం కింద తిరుపతి అని చూసి, నేను పాఠాలు చెప్పే కాలేజీలో వాకబు చేసి, ఇల్లు పట్టుకుని వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. కూర్చుని, మంచినీళ్లు తాగి, గుడ్డసంచీలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "నీ దగ్గర ఉండాల్సిందే ఇది. ఇన్నేళ్లూ నేనే మోశాను," అంది.

అట్ట చూడక్కర్లేకుండానే గుర్తుపట్టాను. పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. కింది సగమంతా మట్టి రంగు, ఆ రంగు ఆగినచోట ఒక గీత. అది వరద నీళ్లు ఆగిన గీత. ఆ గీతను వేలితో తడుముతూ చదివిన రోజులు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆవిడకు కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి, పాలు పొంగేదాకా అలాగే నిలబడిపోయాను.

మస్కట్ అనగానే అందరికీ సముద్రం గుర్తొస్తుంది. అప్పట్లో మేమున్న పేట వాడి కబీర్‌లో కిటికీ తీస్తే గడ్డిపరక మొలవని బూడిదరంగు కొండ కనిపించేది, కొండ కింద వరసగా గ్యారేజీలు. పొద్దున్నే వెల్డింగ్ వాసన, కార్లకు కొట్టే రంగు వాసన, వాటిని తోసుకుంటూ మా అమ్మ వేసే ఎండుమిరపకాయల తిరగమోత ఘాటు. సందు మొదట్లో స్కూలు బస్సుల హారన్లు మోగుతుంటే కేరళ పిల్లలూ, మా తెలుగు పిల్లలూ టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ పరుగెత్తేవాళ్లు. నాయన ఒక కంపెనీ గ్యారేజీలో స్పేర్ పార్టుల స్టోరు చూసేవాడు. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు ఆయన నలుగుర్ని కూడేసి నవ్వించే మనిషట. నాకు తెలిసిన నాయన మాత్రం డ్యూటీకి పోయే మనిషి, డ్యూటీ నుంచి వచ్చే మనిషి. ఆ రెండింటికీ మధ్య, అర్బాబ్ మొహం ఇవాళ ఎట్లా ఉందో అమ్మకు చెప్పే మనిషి. అర్బాబ్ అంటే యజమాని. ముగ్గురి పాస్‌పోర్టులూ అలమారాలో నాయన చొక్కాల కింద ఉండేవి. వాటిని నేను ముట్టుకోవాలని నాకు గానీ, ముట్టుకోకూడదని ఆయనకు గానీ ఎన్నడూ తోచలేదు.

అమ్మ నా భవిష్యత్తును తీరిగ్గా కూరగాయలు తరుగుతూ చెప్పేది. "మగపిల్లోడైతే పెద్దోడైనాక నాయన వీసా మీంచి దిగిపోవాల. ఆడపిల్లకు ఆ బాధ ల్యా. పెండ్లయ్యేదాకా నాయన వీసా, పెండ్లయినాక మొగుని వీసా. మధ్యలో కాలు కింద పెట్టే పనే ల్యా." ఇది అమ్మ దృష్టిలో ఓదార్పు. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, సంపాదించకూడదు, ఉండొచ్చు, అంతే. మా బిల్డింగ్‌లో ఆడవాళ్లందరూ అలా ఉన్నవాళ్లే. తన వీసా మీద తాను బతికే ఆడమనిషి కింది అంతస్తులో ఒక్కతే ఉండేది. ఆవిడే సుభద్ర టీచర్. గోదావరి జిల్లా మనిషి. చిన్న వయసులోనే భర్త పోతే ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిందట. మా స్కూలు కాదు, వేరే స్కూల్లో చెప్పేది. తాళం తీసుకుని, చేతిసంచీ భుజానికేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆవిడ బయటికి వెళ్లడం మా బాల్కనీలోంచి చూస్తూ ఉండేదాన్ని. ఎవరికీ చెప్పకుండా వెళ్లడం అనేదే నాకు పెద్ద వింత.

నా పదకొండో తరగతి పూర్తయిన సెలవుల్లో పెద్ద తుఫాను వచ్చింది. వాడి అంటే ఎండిన వాగు. ఏళ్ల తరబడి ఎండి, జనం కార్లు నిలుపుకునే ఆ వాగుకు తాను వాగునని ఆ రోజు గుర్తొచ్చింది. కింది అంతస్తుల్లోకి బురద నీళ్లు వచ్చాయి. మూడో రోజుకు మళ్లీ ఎప్పటి ఎండే కాసింది. బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్తే, అక్కడ ఒక్క బట్ట లేదు, అన్నీ పుస్తకాలు. తడిసి ఉబ్బిన పుస్తకాలను టీచర్ గోడ పొడవునా పరిచి, ఎగిరిపోకుండా గ్యారేజీ నుంచి తెచ్చిన ఇనుప నట్లు బరువు పెట్టింది. "కాస్త పేజీలు తిప్పుతూ ఉండవే పిల్లా, ఒకదానికొకటి అంటుకుపోతాయి," అని నాకు పని చెప్పి కిందికి పోయింది. పేజీ తిప్పాలంటే చూడాలి కదా, చూస్తే అక్షరాలు కనిపిస్తాయి కదా. తిప్పడం మానేసి చదవడంలో పడ్డాను. రష్యన్ నవలల తెలుగు అనువాదాలు, గ్రీకు దేశంలో నడివీధిలో నిలబడి వాదించుకున్న పెద్దల సంభాషణలు, మన వేదాంతం మీద వ్యాఖ్యానాలు. ఒక పేజీలో ఎవరో బానిసగా పుట్టిన మనిషి, నా కాలికి గొలుసు వేయగలరు గానీ నా ఒప్పుదలకు వేయలేరు అన్న అర్థంలో ఏదో అంటున్నాడు. ఆ ఎండలో, ఆ బురద వాసనలో, నాకు ఒళ్లు జలదరించింది. నాకు ఒప్పుదల అనేది ఒకటి ఉందని అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చి, "మీ అమ్మాయి పుస్తకాలు ఆరబెట్టమంటే తాగేస్తోందండీ," అని నవ్వింది. అమ్మ కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది, ఆ ఇంటిపేరు గలవాళ్లు ఫలానా వాళ్లకు ఏమవుతారో అడిగింది. అడుగుతున్న కొద్దీ అమ్మ మొహం విప్పారింది. పరాయి దేశంలో తెలుగు మనిషి దొరికిన సంతోషం అనుకున్నాను. ఆ వెంటనే, ఇక్కడ సెలవు రోజే కదా, ప్రతి శుక్రవారం వచ్చి చదువుకుంటుందా పిల్ల, అని టీచర్ అడగడం, నాయనను అడగాలని అమ్మ అనడం జరిగాయి.

నాయనను నేనే అడుగుతానన్నాను. రెండు రోజులు మనసులో వాక్యాలు కూడబెట్టుకున్నాను. శుక్రవారం పొద్దున ఆయన ఒంటికి నూనె పట్టించుకుని, తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నప్పుడు ఎదురుగా నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. మనిషికి అన్నం ఎంత ముఖ్యమో ఆలోచనా అంతే ముఖ్యమన్నాను. ఆడపిల్ల గడప దాటితే ఇల్లు కూలదన్నాను. నన్ను నమ్మమన్నాను. ఆయన నూనె చేతులు చూసుకుంటూ అంతా విని, "సరే పాపా, పో. నీ ఇష్టం," అన్నాడు. నీ ఇష్టం! ఆ మాట మా ఇంట్లో నా గురించి ఎవరూ అనగా నేను వినలేదు. స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. నేను వాదించి గెలిచిన మొదటి స్వేచ్ఛ అదేనని ఇంకో ఏడాది పాటు గర్వపడ్డాను.

శుక్రవారం అంటే మా ఇంట్లో తలంటు. ప్రొద్దుటూరులో అయితే సాంబ్రాణి, అక్కడ లుబాన్. ఒమాన్ కొండల్లో చెట్ల నుంచి కారే బంక అది, మా వాచ్‌మన్ ఇచ్చేవాడు. నిప్పుల మీద వేస్తే నిమ్మకాయ, కర్పూరం కలిసినట్టు పొగ లేచేది. అంతకుముందు అమ్మ ఆ పొగను నా జుట్టుకు ఒకసారి చూపించి వదిలేసేది. టీచర్ ఇంటికి పోవడం మొదలైనాక మాత్రం బుట్ట బోర్లించి, దాని మీద నా జుట్టు పరిచి, కుదురు కుదురుకూ పట్టించేది. "ఏమ్మే, చదువుకోను పోయేదానికి ఇంత సింగారం ఏంటికి?" అని నేను విసుక్కుంటే, "నలుగుర్లోకి పోయేటప్పుడు నీటుగా పోవాల," అని జడ బిగించేది. కొత్త చుడీదార్ తీసిచ్చేది. నేను స్వేచ్ఛ గురించి చదవడానికి వెళ్తున్నాను గదా, ఆ మాత్రం అమ్మ మాట వింటే ఏం పోయిందిలే అనుకునేదాన్ని.

టీచర్ చదువు చెప్పే పద్ధతి వేరు. ఒక పేజీ చదివించి, పుస్తకం మూయించి, ప్రశ్న వేసేది. సంకెళ్లున్నాయని తెలియని వాడు బానిసేనా? రాజు అనుమతించిన స్వేచ్ఛ స్వేచ్ఛేనా? మన పెద్దలు విముక్తి అన్నది లోపలి సంగతి, ఆ నవలల్లో ఆడవాళ్లు వెతుక్కుంటున్నది బయటి సంగతి. ఈ రెండూ ఒకటేనా? అన్నిటికన్నా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇంకొకటి. "నీ ఇష్టం అనుకుంటున్నది నిజంగా నీ ఇష్టమేనని నీకెలా తెలుసే? ఎవరో నీలో నాటి నీళ్లు పోసింది కాదని ఏమిటి నమ్మకం?" అంది ఒక శుక్రవారం. నేను వారమంతా దాంతోనే కుస్తీ పట్టి, తల వేడెక్కిపోయి, బిర్యానీ తినాలని అనిపించినా ఇది నా ఇష్టమేనా అని అనుమానపడేదాకా పోయాను. అమ్మ తిట్టింది.

ఆ పాఠాల మధ్యలో పనులూ ఉండేవి. "స్వతంత్రంగా బతకాలనుకునే మనిషి పొయ్యి దగ్గర ఇంకొకరి మీద ఆధారపడకూడదు. లే, ఉప్మా చెయ్యి," అనేది. చేసేదాన్ని. "స్వేచ్ఛ ఉన్న గొంతు వణకదు. ఒక పాట పాడు," అనేది. పాడేదాన్ని. నీతో ఏకీభవించని మనిషితో ఒకే కప్పు కింద బతకగలవా అని అడిగితే సహనం గురించి గంటసేపు మాట్లాడాను. పుట్టింటికి దూరంగా ఉండాల్సి వస్తే బెంగపడతావా అని అడిగితే, స్వేచ్ఛ ఉన్నచోటే నా ఇల్లు అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. నా ఆలోచన లోతుకు కరిగిందనుకున్నాను.

ఆవిడ తమ్ముడు మురళి ఊరికి ఆ చివర అల్ హైల్‌లో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఉండేవాడు. శుక్రవారాలు అక్క చేతి భోజనానికి వచ్చేవాడు. మంచివాడే, అది చెప్పకపోతే అన్యాయం. కిటికీ దగ్గర కూర్చుని పేపరు చూసుకుంటూ నారింజపండు ఒలిచేవాడు. తొక్క తెగకుండా ఒకే పోగులా తీయడం ఆయన ఘనత. నా వాదనలకు ఎప్పుడైనా తల ఎత్తి నవ్వేవాడు. ఆ గదిలో ఏసీ ఎంతో, ఆయనా అంతే నాకు. ఒకసారి రెండు కుటుంబాలూ కలిసి ఖురియాత్ వెళ్లాం, సముద్రం ఒడ్డుకు. పెద్దవాళ్లు కారు నీడలో చాప వేసుకుని కూర్చుని, "మీరిద్దరూ అట్ల నడిచి రాండి," అన్నారు. పరాయి మగవాడితో నన్ను నడిచి రమ్మని మా నాయన అనడం! నా ఉపన్యాసాలు ఆయన మీద పనిచేస్తున్నాయని పొంగిపోయాను. ఆ ఇసుక మీద నడుస్తూ మురళికి గ్రీకు తత్వం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీకు చేపలు తినడం అలవాటేనా అండీ?" అని అడిగాడు. తిరిగొచ్చేసరికి అమ్మ టీచర్‌ని 'టీచరమ్మా' అని పిలవడం మానేసి 'వదినా' అంటోంది. అదీ వినిపించింది. అదీ పట్టించుకోలేదు.

పన్నెండో తరగతి పూర్తయింది. హైదరాబాద్‌లో ఒక కాలేజీలో తత్వశాస్త్రం చదవాలని నా కోరిక. అడ్మిషన్ వచ్చింది, నిర్ణీత గడువులోగా వెళ్లి చేరాలి. నాయన ససేమిరా అన్నాడు. ఆ చదువుతో ఏం చేస్తావు, హాస్టల్లో ఎవరు చూస్తారు, ఆరు నెలలకోసారి వచ్చి మొహం చూపించకపోతే వీసా పోతుంది, తెలుసునా? కాళ్లావేళ్లా పడినా లాభం లేకపోయింది. పరుగెత్తుకుంటూ టీచర్ దగ్గరికి పోయాను. ఆవిడ నా తల నిమిరి, "ఏడవకే. నేను మాట్లాడతాగా మీ నాన్నగారితో. వచ్చే శుక్రవారం మీ ఇంటికే వస్తాను," అంది. ఆ వారం నేను నేల మీద నడవలేదు. ఆవిడ వాదిస్తే కాదనగల మనిషి ఆ బిల్డింగ్‌లో లేడు.

ఆ శుక్రవారం అమ్మ లుబాన్ రెండుసార్లు వేసింది. పట్టుచీర కట్టుకోమంది. టీచర్ నా కోసం మాట్లాడటానికి వస్తోంది గదా అని అదీ కట్టుకున్నాను. కాలేజీ వాళ్లు పంపిన పల్చటి వివరాల పుస్తకం మడిచి పైటచెంగు కింద పెట్టుకున్నాను, అవసరమైతే చూపించడానికి. ఆవిడ వచ్చింది. వెనక మురళి, చేతిలో పళ్లు, పూలు, పసుపు కుంకుమలు ఉన్న పళ్లెం. చదువుకు వెళ్లే పిల్లకు బొట్టు పెట్టి దీవిస్తారు కాబోలు అనుకున్నాను. ఇంత చదివిన దాన్ని, అంత తెలివితక్కువగా ఎలా ఉన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కాఫీ కప్పులు నేనే పట్టుకొచ్చాను, ఎవరూ చెప్పకుండా, సంతోషంతో.

"అన్నయ్యగారూ, నాన్చడం నాకు రాదు," అంది టీచర్. "ఏడాదిగా పిల్లని చూస్తున్నాను. వంట తెలుసు, మాట తెలుసు, బుర్ర ఉంది. మా మురళికి మీ హైమని ఇవ్వండి. అమ్మా నాన్నా లేని వాణ్ణి నేనే పెంచాను, నేనే అడుగుతున్నాను."

"అంతకంటే మాకేం గావాల చెల్లెమ్మా. మీరు ఎప్పుడంటే అప్పుడే," అన్నాడు నాయన. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. అమ్మ మొహంలో లేదు. మురళి తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. ఆ గదిలో ఆశ్చర్యపోయింది నేనొక్కదాన్నే.

"టీచర్, కాలేజీ సంగతి?" అన్నాను. గొంతు వణికింది.

"చదువుకోవే, ఎవరొద్దన్నారు? పెళ్లయ్యాక ప్రైవేటుగా కట్టు. మా ఇంట్లో పుస్తకాలకు లోటా?"

"నన్ను ఎంచుకోవడానికా ఇన్నాళ్లూ చదివించారు?"

ఆవిడ నొచ్చుకోలేదు. ప్రేమగానే చూసింది. "ఎంచుకోవడమేమిటే పిచ్చిదానా. మా ఇంటికి ఆలోచించే పిల్ల రావాలనుకున్నాను. ఎక్కడా దొరకలేదు. నిన్ను తయారు చేసుకున్నాను," అంది.

నమ్మించి తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, నెత్తురు కనిపించదు, నొప్పి కూడా కాసేపటి దాకా తెలియదు. ముందు నాకు సిగ్గు వచ్చింది. ఉప్మా, పాట, సహనం మీద ఉపన్యాసం, సముద్రపు ఒడ్డు, అన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాయి. ఏడాది పొడవునా సాగిన పెళ్లిచూపులు అవి. పెళ్లికూతురికి తప్ప అందరికీ తెలుసు. ట్రే కింద పెట్టి, "నా ఇష్టం నాదేనని ఎట్లా తెలుస్తుందని అడిగారు గదా టీచర్. ఇప్పుడు తెలిసింది. ఇది నాది కాదు. నేను చేసుకోను," అన్నాను. మురళి మొహం పాలిపోయింది. "మీకు తెలుసనుకున్నానండీ," అన్నాడు మెల్లగా. ఆ మాట వల్లే నేను ఆయన్ని ఎప్పుడూ తప్పుపట్టలేదు. టీచర్ మాత్రం లేచి నిలబడి, "ఇదేనా నువ్వు నేర్చుకున్నది?" అంది. ఇదే టీచర్, ఇదొక్కటే, అని నోటిదాకా వచ్చింది, అనలేదు.

వాళ్లు వెళ్లాక వంటింట్లో అమ్మ విరుచుకుపడింది. "ప్రతి శుక్రవారం వయసొచ్చిన పిల్లను పరాయి ఇంటికి ఊరికే పంపిస్తానా నేను? నువ్వు డాబా మీద పేజీలు తిప్పతాంటే సూసి, ఈ పాప ఎవరింటి పాప అని ఆనాడే అడిగింది ఆయమ్మ. సంబంధం మాట మీ నాయన, నేను అనుకున్న్యాకనే కదా నిన్ను పంపింది."

"మరి నేను నాయనను అడిగినప్పుడు?"

"అప్పటికి అయిపోయింది లే అదంతా."

నూనె చేతులు చూసుకుంటూ నా ఉపన్యాసమంతా విన్న నాయన, 'నీ ఇష్టం' అన్న నాయన గుర్తొచ్చాడు. ముందే నిర్ణయమైన దాన్ని నేను వాదించి గెలిచాను. ఏడాదిగా పండగ చేసుకున్న గెలుపు అది. నాయన అరవలేదు. నా చేతిలోంచి కాలేజీ పుస్తకం తీసుకుని, అలమారాలో తన చొక్కాల కింద, పాస్‌పోర్టుల పక్కన పెట్టి, "నీ ఇష్టం అంటిమి గదా పాపా. ఇంగేం ఇష్టం కావాల నీకు?" అన్నాడు. కాలేజీలో చేరే గడువు అట్లాగే దాటిపోయింది.

అమ్మ మీద, నాయన మీద వచ్చిన కోపం తర్వాత్తర్వాత చల్లారింది. వాళ్లు నాకెన్నడూ స్వేచ్ఛ సంగతి చెప్పలేదు, ఇస్తామనలేదు. టీచర్ చెప్పింది. ఆవిడే తలుపు చూపించింది, ఆ తలుపు తన ఇంట్లోకే తెరుచుకునేలా పెట్టుకుంది. ఆ ఏడాదంతా నేను పుస్తకం పట్టుకోలేకపోయాను. ఏ గొప్ప వాక్యం చదివినా దాని వెనక కిటికీ దగ్గర మురళి నారింజ ఒలుస్తూ కనిపించేవాడు. ఆవిడ తెచ్చిచ్చిన పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పెట్టి వాచ్‌మన్‌తో కిందికి పంపాను. మెట్ల మీద ఎదురుపడితే ఆవిడ పక్కకు తప్పుకునేది. ఆవిడకూ నా మీద కోపమే. కష్టపడి పెంచిన మొక్క తనకు పువ్వు ఇవ్వలేదన్న కోపం.

చివరికి నన్ను విడిపించింది ఏ తత్వమూ కాదు. పనులు తగ్గి నాయన కంపెనీ మూతపడింది. ముగ్గురి వీసాలూ రద్దయ్యాయి. విమానాశ్రయంలో ముద్ర వేస్తుంటే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆ చప్పుడు విని లోలోపల సంతోషించాను. ప్రొద్దుటూరు వచ్చాక నాయన దగ్గర నన్ను ఆపడానికి ఓపిక లేదు, మొగుని వీసా మాట ఎత్తడానికి అమ్మకు ఆధారం లేదు. డిగ్రీ చదివాను, తిరుపతి వచ్చి తత్వశాస్త్రం చదివాను, అదే పాఠం చెబుతున్నాను. నచ్చినవాణ్ణే పెళ్లి చేసుకున్నాను. కానీ తాళి కట్టే ముందు రోజు కూడా, నాకు తెలియకుండా ఎవరెవరు ముందే మాట్లాడుకున్నారో అని అందరి మొహాలూ వెతికాను. ఆ జబ్బు ఇప్పటికీ పోలేదు. నా విద్యార్థులు చేతుల్లో ఫోను పట్టుకుని ఎక్కడికైనా పోగలరు, ఏదైనా చదవగలరు. వాళ్లను చూస్తే అసూయ కలుగుతుంది. అంతలోనే, వాళ్ల వెనక ఎవరు ఏం మాట్లాడుకుని పంపారో అని భయం కూడా వేస్తుంది. లుబాన్ వాసన మాత్రం ఎక్కడ వచ్చినా అక్కణ్ణుంచి లేచి బయటికి వెళ్తాను.

మొన్న కాఫీ తాగుతూ టీచర్ అసలు సంగతికి వచ్చింది. మురళి తిరుపతిలోనే స్థిరపడ్డాడట. పదహారేళ్ల కూతురు, ఇంటర్. డాక్టరు కోచింగ్‌కు పోనంటోంది, కథలు రాస్తానంటోంది. "నీ వ్యాసాలంటే పడిచస్తుందే అది. పుస్తకాల కోసమని చెప్పి ఆదివారాలు నీ దగ్గరికి పంపిస్తాను. చదివించు. చదివిస్తూ చదివిస్తూ, మాటల్లో మాటగా, ముందు డాక్టరు చదవమని దాని మనసు తిప్పు. నువ్వు చెబితే వింటుంది."

నేను చాలాసేపు ఆ పుస్తకం మీది వరద గీతనే చూశాను. "ఎందుకు పంపిస్తున్నారో ఆ పిల్లకు చెప్పి పంపండి టీచర్," అన్నాను.

"చెబితే వస్తుందా?" అంది. అన్నేళ్లుగా తన దగ్గర దాచుకున్న మాట బయటికి తీసింది. "నీకు చెప్పి ఉంటే నువ్వు వచ్చేదానివా? రాకపోతే ఇవాళ ఇలా ఉండేదానివా? నా మీద ఇంత కోపం పెట్టుకున్నావు, ఆ కోపానికి మాటలు ఎవరు నేర్పారే నీకు?"

అది నిజం. ఆ నిజం నాకు కొత్త కాదు, నేను దానితో ఎన్నోసార్లు ఓడిపోయాను. ఈసారి మాత్రం మాట తడబడలేదు. "రాకపోయేదాన్ని టీచర్. ఇవాళ ఇలా ఉండేదాన్ని కాకపోవచ్చు కూడా. కానీ ఆ రాకపోవడమైనా నాదయ్యేది," అన్నాను. ఆవిడ కప్పు కింద పెట్టి లేచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఆ పిల్ల పేరు, నంబరు చెప్పింది. పుస్తకం తీసుకెళ్లలేదు.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. "మీ మేనత్త నిన్ను పుస్తకాలకని నా దగ్గరికి పంపాలనుకుంటోంది. అసలు సంగతి డాక్టరు చదువుకు నీ మనసు తిప్పమని. నేను తిప్పను. ఊరికే చదువుకుందాం. ఇదంతా తెలిసి రావాలనుకుంటే రా, వద్దనుకుంటే మానెయ్యి," అన్నాను. ఆ పిల్ల, "ఆలోచించి చెప్తానండీ," అంది.

ఆ వయసులో ఆ మాట అనే వీలు నాకు ఎవరూ ఇవ్వలేదు. వారం గడిచింది. ఆ పిల్ల ఇంకా ఫోన్ చేయలేదు. పుస్తకం బల్ల మీదే ఉంది. ఇవాళ ఆదివారం, వాకిలి వైపు చూస్తున్నాను గానీ, ఆ పిల్ల రానందుకు నాకు కోపం రావడం లేదు.